పుస్తకమా, పుస్తకం బొమ్మా?

డిజిటల్ పాఠ్యపుస్తకమనే మాట వినగానే మన ఉపాధ్యాయ మిత్రులు కొందరు మొహం చిట్లిస్తారు. అదంతా కంపెనీల వల అనీ, నల్లబల్లా సుద్దముక్కా చాలుననీ వాళ్ల వాదన. ఈ వాదనలో సగం నిజమున్నది. తక్కిన సగం బద్ధకం.

నిజమున్న సగం ముందు చూద్దాం. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకున్నది. ఆ డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి 5,18,740 ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. పాఠాలు ఉచితమేనన్నారు. 2024 జులైలో ఆ సంస్థమీద దివాలా ప్రక్రియ మొదలైంది. పిల్లల చదువును ఒక వ్యాపారి జమాఖర్చులకు ముడిపెట్టటం తప్పని చెప్పటానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ట్యాబు వేరు, పుస్తకం వేరు. మన మిత్రులు ట్యాబును తిట్టిన ఊపులో పుస్తకాన్ని కూడా వదిలేశారు.

నేను ఆత్మకూరులో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. ఉదయగిరి వైపు పల్లెనుంచి వచ్చే అమ్మాయి ఒకతె నా తరగతిలో ఉన్నది. ఆమెకు చూపు లేదు. తెరమీది అక్షరాలను పైకి చదివే ఏర్పాటు ఆమె ఫోనులో ఉన్నది. వార్తలైనా, స్నేహితుల కబుర్లైనా దానితోనే వింటుంది. ఆమెకు పాఠ్యపుస్తకం పీడీఎఫ్ పంపాను. నన్నయ పద్యం రావలసిన చోట ఫోను ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, బ్రాకెట్లూ చదవసాగింది. మరో పుస్తకం తెరిస్తే అసలు నోరే మెదపలేదు. మొదటిది పాత డీటీపీ ఫాంటులో కూర్చినది: కంటికి 'క' కనిపిస్తుంది గాని యంత్రం లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు గుర్తు. రెండోది కాగితానికి తీసిన ఫోటో. ఇవి పుస్తకాలు కావు, పుస్తకాల బొమ్మలు.

చూపున్నవాళ్ల గతీ అంతంతే. పెద్ద కాగితానికి కొలిచి వేసిన పేజీ అరచేతి ఫోనులో చీమలబారులా ఉంటుంది. పెద్దది చేస్తే వాక్యం తెరదాటి పోతుంది. పంక్తి పంక్తికీ వేలితో అటూ ఇటూ లాక్కోవాలి. పదం వెతికితే దొరకదు.

ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడులో తెలుగు 1991లో, మొదటి కూర్పులోనే చేరింది. అందులో 'క' ఏ యంత్రంలోకి పోయినా 'క'యే. ఆ అక్షరాలతో ఈపబ్ రూపంలో పుస్తకం ఇస్తే వాక్యం తెరనుబట్టి సర్దుకుంటుంది, ఫోను గొంతు చదువుతుంది, ఒకసారి దించుకుంటే కొండచాటు పల్లెలో సిగ్నలు లేకపోయినా తెరుచుకుంటుంది. ఇందుకు కొత్త ట్యాబులు అక్కర్లేదు. కొత్తగా టైపు చేయించటం కూడా అక్కర్లేదు: అచ్చుకు పోయేముందు ఆ పాఠాన్ని ఎవరో కంప్యూటరులో కూర్చే ఉంటారు గదా! పాత ఫాంటును యూనికోడుకు మార్చే సాధనాలున్నాయి. తప్పులు వస్తాయి, నిజమే. తెలుగు మాస్టరు కూర్చుని దిద్దాలి. ఆ దిద్దే పనికి కూలి అడగటానికి మనకు మొహమాటమెందుకు?

చూపులేనివారికి పుస్తకాలు అందించటానికి 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని, మరుసటి ఏడు ప్రపంచంలో అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం మనదే. సంతకాలు పెట్టటంలో మనం వెనకబడింది ఎప్పుడు గనక!

గిడుగు రామమూర్తి పంతులు పాఠ్యపుస్తకాల్లో వాడుకభాషకోసం పోరాడాడు. ఆయన వారసులమని సభల్లో చెప్పుకుంటాం. భాష అర్థం కాకపోవటం ప్రజాసమస్య అని ఒప్పుకున్న మనమే, అక్షరం చేతికందకపోవటం సాంకేతిక విషయమంటూ తప్పుకుంటున్నాం.

ఒక పాఠం రెండు రాత్రులు కూర్చుని నేనే టైపు చేసి ఆ అమ్మాయికి పంపాను. విని, "ఇంతేనా సార్ పని? మరి మిగతావి?" అన్నది. మిగతావీ చేస్తున్నాను. కాని ఇది నా దయమీద నడవవలసిన పని కాదు. మన సంఘాల కోర్కెల పట్టికలో డీఏ బకాయిల కింద ఒక పంక్తి చేర్చండి: ప్రజల డబ్బుతో తయారైన ప్రతి పాఠ్యపుస్తకాన్నీ అచ్చుతోపాటే యూనికోడులో ఉచితంగా విడుదల చేయాలి. రాబోయే సెమిస్టరు పుస్తకాలతోనే మొదలుపెట్టాలి.