పాత బండ్లకు క్రొత్త ధరలు

హైదరాబాదు నుండి బొంబాయి వైపు సాగు రహదారిపై రామచంద్రాపురము దాటి పటాన్‌చెరు ప్రవేశించు బాటసారికి ఇరుప్రక్కల కర్మాగారముల ప్రహరీలే ఎక్కువగా కనబడును. కొన్నింటి గేట్ల ముందు షిఫ్టు మారు వేళ జనసందోహము. కొన్నింటి గేట్లకు తుప్పు పట్టిన తాళములు. ఈ ప్రాంతముననే 1970ల దశకములో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అను సంస్థ వెలసినది. ‘ఆల్విన్ పుష్పక్’ అను పేర స్కూటరు ఆ సంస్థ నుండియే వీధుల కెక్కినది. ఆ పేరు పెట్టినవారికి రామాయణము బాగుగనే జ్ఞాపకమున్నట్లు తోచును. ఎందరెక్కినను ఇంకొకరికి చోటుండుట పుష్పక విమానమునకు లక్షణము కదా! నడుపు తండ్రి, ముందు నిలుచున్న పిల్లవాడు, వెనుక తల్లి, ఆమె ఒడిలో పసిబిడ్డ, హాండిలుకు వ్రేలాడు కూరగాయల సంచి: ఇంత బరువును మోసిన ఆ కాలపు స్కూటరుకు ఆ పేరు సార్థకమే.

ఆ కర్మాగారము మూతబడి చాల కాలమైనది. కాని ఆ వంశమునకు చెందిన పాత స్కూటర్ల కొరకు ఇప్పుడు వెదకులాట సాగుచున్నది. పాత ఇనుము తూకమునకు పోవలసిన బండికి వేలు, చక్కగా బాగుచేసినదానికి లక్షకు పైబడియు అడుగుచున్నారు. కొనువారందరును ఎక్కి తిరుగుటకే కొనుట లేదు. ధర ఇంకను పెరుగునన్న ఆశతో కొని, గుడ్డ కప్పి, షెడ్డులో దాచువారును కలరు. బంగారము, ఇండ్ల స్థలములు, వాటాలు అను పెట్టుబడుల వరుసలో పాత బండియు ఒక పీట వేసికొని కూర్చున్నది. ఈ పరిణామము వలన లాభపడువారెవరు, పోవునదేమి అని విచారించుట అవసరము.

ముందుగా ఈ స్కూటరు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవలెను. పుష్పక్ అచ్చముగా మన రూపకల్పన కాదు. ఇటలీలోని మిలాను నగరమున ఇన్నొసెంటి సంస్థ చేసిన లంబ్రెట్టా దానికి మూలము. బెర్తోనె అను ప్రసిద్ధ శిల్పశాల దానికి రూపురేఖలు దిద్దినది. ఇటలీలో జనము చిన్నకార్లకు మరలిన పిదప 1971లో అచ్చట ఉత్పత్తి నిలిచిపోయెను. ఆ యంత్రసామగ్రిని భారత ప్రభుత్వము కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థను నెలకొల్పినది. లక్నో నుండి వచ్చిన విజయ్ సూపరు, పటాన్‌చెరు నుండి వచ్చిన పుష్పక్ ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు. తరువాత 1980లలో ఇచ్చటివారే పియాజియో సహకారముతో వెస్పాను కూడ తయారుచేసిరి. లక్నో సంస్థను మూసివేయుటకు 2021లో కేంద్రము నిర్ణయించినది. ఇట్లు పుట్టిల్లు, మెట్టినిల్లు, మరిది ఇల్లు అన్నియు తలుపులు వేసికొన్న తరువాత బండికి గిరాకి పుట్టినది. ఇక తయారు కాదను మాటయే దాని ధరకు మొదటి మెట్టు.

ప్రపంచ విపణిలో ఈ మెట్లు ఎంత ఎత్తునకు పోయినవో చూచిన కన్నులు తిరుగును. ఫెరారీ సంస్థ 1962 నుండి 1964 వరకు 250 జిటిఓ అను పందెపు కార్లను 36 మాత్రమే చేసినది. ఆనాడు అమెరికాలో దాని ధర 18,000 డాలర్ల ప్రాంతమున ఉండెడిది. 2018లో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు, 2023లో న్యూయార్కున మరొకటి 5 కోట్ల 17 లక్షల డాలర్లకు వేలములో అమ్ముడుపోయెను. అంతకు ముందే, 2022 మే నెలలో, స్టట్‌గార్టులోని తన మ్యూజియమున బెంజి సంస్థ 1955 నాటి ‘ఊలెన్‌హౌట్’ కారును 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్మినది. మన లెక్కలో అది సుమారు 1,100 కోట్ల రూపాయలు. అట్టివి రెండే చేసిరి. అందులో ఒకటి ఇంకను సంస్థ వద్దనే ఉన్నది. ఆ వచ్చిన ధనముతో విద్యార్థివేతనముల నిధి నేర్పరచుట మాత్రము చెప్పుకొనదగిన సంగతి.

ఇట్టి వార్తలు చదివిన సామాన్యుడు తన పెరటిలోని అంబాసిడరు వైపు క్రొత్త చూపు చూచుట సహజము. అయితే వేలము వార్త గెలిచిన గుఱ్ఱమును గూర్చియే చెప్పును. 1980ల చివర, విశేషించి జపాను ధనికుల పోటీ వలన, పాత ఫెరారీల ధరలు ఆకాశమంటినవి. 1990ల ఆరంభమున ఆ బుడగ పగిలి, శిఖరమున కొన్నవారి సొత్తు సగమునకు మించి కరగిపోయెను. తిరిగి కోలుకొనుటకు ఏండ్లు పట్టినది. బంగారమునకు ప్రతి ఉదయము ఒక ధర పత్రికలో పడును. పాత కారుకు ధర అనునది దానిని కోరి మరొకడు వచ్చిన నాడే తెలియును. ఆ మరొకడు రాని సంవత్సరములు కూడ ఉండును.

నిజమునకు బండిని పెట్టుబడిగా చూచుట మన దేశమునకు క్రొత్త కాదు. స్కూటర్ల అమ్మకము, పంపిణీలపై 1960లోనే ప్రభుత్వము ఉత్తర్వు తెచ్చి అదుపు పెట్టినది. ఉత్పత్తి తక్కువ, కోరువారు ఎక్కువ. పేరు నమోదు చేయించుకొని ఏండ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చెడిది. వంతు వచ్చిన వెంటనే ఆ కేటాయింపును పైధరకు అమ్ముకొన్నవారు ఉండిరి. షోరూము నుండి వచ్చిన బండి వీధి చివరకు చేరునప్పటికి దాని ధర పెరుగుట నాటి తరము కన్నులార చూచినది. పెండ్లి సంబంధములలో స్కూటరు ఒక కట్నపు మాట అయినది. క్రొత్తదానికంటె వాడినది ప్రియమగు ఆ వింత, కొరత సృష్టించిన వింత. 1980లలో పోటీ కర్మాగారములు, 1990లలో స్వేచ్ఛావిపణి రాగానే ఆ పైధర మంచువలె కరగెను. నాటి కొరతను తీర్చుటకే పటాన్‌చెరు కర్మాగారము వెలసినది. ఆ కర్మాగారము లేకపోవుట వలన పుట్టిన కొరత నేటి ధరకు మూలమైనది.

ఇక లెక్క. పాఠశాలలో చక్రవడ్డీ నేర్చిన ఏ విద్యార్థియైనను ఈ లెక్క కట్టగలడు. ఒకడు పాత కారును 3 లక్షలకు కొన్నాడనుకొందము. ఇంజను, రంగు, టింకరింగు పనులకు 2 లక్షలు. షెడ్డు అద్దె, బీమా, టైర్లు, బ్యాటరీ, ఇతర మరమ్మతులకు ఏటేట 30,000 చొప్పున పదేండ్లకు మరి 3 లక్షలు. పదేండ్ల పిమ్మట అతడు దానిని 8 లక్షలకు అమ్మెను. “3 లక్షల బండి 8 లక్షలకు పోయినది” అని ఊరంతయు చెప్పుకొనును. అతని చేతికి మిగిలినది సున్న. అతడు మొదట పెట్టిన 5 లక్షలను బ్యాంకులో ఉంచినచో వచ్చెడి వడ్డీ కూడ పోయినదే. పొలము కౌలు తెచ్చును, ఇల్లు అద్దె తెచ్చును, గేదె పాలిచ్చును. పాత కారు ప్రతి నెల మేత మాత్రము అడుగును. దానిని నడిపి ఆనందించినవాడు ఆ ఖర్చును ఆనందము క్రింద వ్రాసికొనవచ్చును. గుడ్డ కప్పి దాచినవానికి ఆ పద్దు కూడ లేదు.

దాచుట వలన యంత్రము చెడకుండునన్నది మరొక భ్రమ. కదలని బండి టైర్లు ఒకే చోట బరువు మోసి చదునగును. బ్రేకులలోని ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును; ఆ తేమ లోపలి లోహమును తినివేయును. రబ్బరు బిరుసెక్కి పగులును. కార్బురేటరులో నిలువయున్న పెట్రోలు జిగురుగా మారి జెట్టును పూడ్చును. ఎలుకల సంగతి చెప్పనే అక్కరలేదు. తీగలపై పూత వాటికి మహాప్రీతి. 2025 నాటికి దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. ఇథనాలుకు తేమ యెడల మక్కువ ఎక్కువ. ఆ ఇంధనము ఎరుగని కాలమున చేసిన గొట్టములు, వాషర్లు దానికి తట్టుకొనుట కష్టము. కనుక నడుపువానికి కూడ నేడు జాగ్రత్త ఎక్కువ కావలెను. నడుపనివాని పెట్టుబడి మాత్రము అతనికి తెలియకుండనే లోపల లోపల తరగిపోవుచుండును.

ఈ విషయమున పటాన్‌చెరువులోనే ఒక మంచి దృష్టాంతము కలదు. 1972లో ఇచ్చట వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, ఇక్రిశాట్, తన విత్తన నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగు పంటల నమూనాలను లక్షా ఇరువదివేలకు పైగా భద్రపరచినది. శీతలపు గదులలో, తేమ తీసి దాచుదురు. అంతటితో పని ముగియదు. నియమిత కాలమున కొన్ని గింజలు తీసి మొలకెత్తునో లేదో పరీక్షింతురు. మొలకశక్తి సన్నగిల్లినచో వాటిని మరల పొలమున విత్తి, పండించి, క్రొత్త గింజలను దాచుదురు. లోకములో దాచుటయే వృత్తిగా గల సంస్థ సైతము అప్పుడప్పుడు మట్టిలో చేయిపెట్టక తప్పుట లేదు.

నడువకనే కీర్తి గడించిన కారు హైదరాబాదున ఒకటి లేకపోలేదు. చౌమహల్లా ప్రాసాదమున నిలిపిన పసుపు వన్నె రోల్స్ రాయిసు నిజాము సింహాసన శకటము. ఆరవ నిజాము మహబూబు అలీఖాను దానిని చేయ నాజ్ఞాపించెను గాని, అది చేరకముందే 1911లో ఆయన మరణించెను. ఏడవ నిజాము ఉస్మాను అలీఖాను కాలమున ఉత్సవములకు మాత్రమే వాడుటచే, అది శతాబ్దమునకు పైబడిన తన జీవితములో తిరిగినది కొన్ని వందల మైళ్లు మాత్రమే. అయినను దాని స్థానము వేరు. అది ప్రజలు టిక్కెట్టు కొని చూచు స్థలమున నిలిచినది. పిల్లలకు చరిత్ర చెప్పుచున్నది. సంస్థానములు పోయి, 1971లో రాజభరణములు రద్దయిన తరుణమున ఎన్నియో సంస్థానముల కార్లు చేతులు మారినవి, ఎన్నియో ఓడలెక్కినవి. 1950కి పూర్వపు కార్ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టుటకు ఈ అనుభవమే కారణము.

లంబ్రెట్టా కథలో ఎగుమతికి మరొక ముఖము కలదు. బ్రిటనులో ఆ స్కూటరుపై మోజు పెరిగినప్పుడు మన దేశము నుండి పాతవాటిని పోగుచేసి, పైపైన మెరుగుపెట్టి పంపిరి. తళతళలాడు రంగు క్రింద పుట్టీ, అతుకుల రేకులు, ఒక బండి ఇంజను, మరొక బండి చట్రము. కొన్నవారు మోసపోయి గగ్గోలు పెట్టిరి. భారతీయ పునరుద్ధరణ అను మాటకే అపఖ్యాతి వచ్చినది. ఈ నింద మన పనివారి నైపుణ్యమునకు తగినది కాదు. త్వరగా అమ్మవలెనను వ్యాపారి పెట్టిన గడువుకు అది ఫలితము. భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము, ఎద్దుమైలారమున 1984లో వెలసిన ఆయుధ కర్మాగారము, జహీరాబాదున నిస్సాన్ సహకారముతో ఆల్విన్ ఆరంభించి తరువాత మహీంద్రా చేతికి పోయిన వాహనముల కర్మాగారము ఉన్న జిల్లా ఇది. టర్నరు, ఫిట్టరు పనులలో ఆరితేరిన చేతులకు కొదువ లేదు. దొరకని భాగమును లేతుపై త్రిప్పి చేయగలవారికి తగిన కూలి, తగిన వ్యవధి ఇచ్చినచో ఏ దేశమునకును తీసిపోరు. అట్టి పనివాని పేరు మాత్రము ఏ వేలపు జాబితాలోను కనబడదు. ఛాసిస్ నంబరుకు, ఇంజను నంబరుకు పొత్తు కుదిరినదా అని చూతురేగాని ఆ పొత్తును నిలిపిన చేయి ఎవరిదని అడుగరు.

చట్టము సంగతియు కొంత చెప్పవలసియున్నది. 2021లో కేంద్రము ప్రకటించిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను పురాతన వాహనములుగా నమోదు చేయింపవచ్చును. రుసుము 20,000 రూపాయలు, పదేండ్లకు చెల్లును, పునర్నమోదుకు 5,000. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, మరమ్మతుకు, ఇంధనము పోయించుటకు తప్ప రోడ్డుపై నడుపరాదు. ఈ ఏర్పాటు ధనికుని గరాజుకు అనుకూలమే. పాత స్కూటరుపై ఇంకను పాఠశాలకు పోవు ఉపాధ్యాయునికి దీనిలో చోటు లేదు. అతడు మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకొనవలెను; 20 ఏండ్లు దాటిన ద్విచక్ర వాహనమునకు ఆ రుసుమును 2025 ఆగస్టులో 2,000 రూపాయలు చేసిరి. దాచువానికి గౌరవము, వాడువానికి సుంకము అన్నట్లున్నది. పొగ, భద్రత అను కారణములు నిజమైనవే. కాని నెలకు నాలుగు మారులు బజారుకు పోయి వచ్చు బండిని, రేయింబవళ్లు తిరుగు లారీని ఒకే వయస్సు కొలతతో కొలుచుట న్యాయమని చెప్పజాలము.

పెట్టుబడిదారుని పూర్తిగా నిందించుటయు తగదు. ధర లేని నాడు ఎన్ని పుష్పకములు పాత సామాను కొట్టులో సుత్తిదెబ్బలకు బలియైనవో! ధర వచ్చిన తరువాతనే ఇంటివారు గోడ ప్రక్కన పడియున్న బండిని లోపలికి నెట్టుకొనుచున్నారు. డబ్బాశ కొన్నింటిని కాపాడిన మాట సత్యము. అయితే ధరను నమ్మి కాపాడినవాడు ధర పడిన నాడు వదలివేయును. తండ్రి నడిపిన బండియని కాపాడినవానికి విపణితో పని లేదు.

1970ల చివర రోడ్డెక్కిన పుష్పక్ ఇప్పుడిప్పుడే 50 ఏండ్ల గడపకు వచ్చుచున్నది. ఆ బండి పుట్టిన చోటికి కొలది మైళ్ల దూరమున, కంది వద్ద ఐఐటీ ప్రాంగణములో, డ్రైవరు లేని వాహనములను పరీక్షించు మార్గమును 2022లో ప్రారంభించిరి. పుష్పక్ యజమానులలో కొందరు రాబోవు సంవత్సరములలో పురాతన వాహనపు నంబరు కొరకు దరఖాస్తు పెట్టుదురు, కొందరు మంచి బేరము రాగానే అమ్ముదురు. మిగిలినవారు ఆదివారము ఉదయము గుడ్డ తీసి, ప్లగ్గు తుడిచి, పెట్రోలు తిప్పి, కిక్కు కొట్టి చూతురు. రెండవ కిక్కుకో, పదవ కిక్కుకో అది పొగ విడిచి పలుకును.