రెండు దేనారాలు ఎక్కడికి పోయాయి?



ఈ వారం మేము రాస్తున్నది కొందరికి కోపం తెప్పిస్తుంది. తెలిసే రాస్తున్నాం. కోపం వచ్చినవారు ఫోను చేయండి, ఇంటికి రండి, అమ్మగారు టీ ఇస్తారు. కానీ ముందు చివరిదాకా చదవండి.

పోయిన నెల మన సర్వసభ్య సమావేశంలో రెండు విషయాలు చర్చకు వచ్చాయి. ఒకటి మందిరం గేటుకు ఆర్చి: గ్రానైటు స్తంభాలు, పైన సిలువ, రాత్రిపూట వెలిగే లైట్లు, దాతల పేర్లతో పాలరాతి పలక. రెండోది మిషన్ ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం. క్యాజువాల్టీలో రెండు మంచాలే ఉన్నాయి, ఎనిమిది చేయాలి, పైన ఇరవై పడకల వార్డు కట్టాలి, సంఘాలు సహాయం చేయండి అని. ఆర్చి పది నిమిషాల్లో పాసైంది. ఆసుపత్రి ఉత్తరానికి ఒక పెద్దాయన "చూద్దాం లెండి అయ్యగారూ" అన్నారు. అందరూ తలలూపారు. ఉత్తరం ఫైల్లోకి పోయింది. ఆ రోజు అధ్యక్షుని కుర్చీలో కూర్చున్నది మేమే. మేమూ నోరు తెరవలేదు. కాబట్టి ఈ గద్దింపు మొదట మాకే.

పోయిన సంవత్సరం ఆగస్టు వానల్లో మన స్త్రీల సమాజపు సహోదరి ఒకామె అర్ధరాత్రి కడుపునొప్పి అంటూ లేచింది. నేల మీద పడుకున్న మనిషి. ఒంటి మీద గాటు కనపడలేదు, వాపు లేదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. కట్లపాము కాటు అలాగే ఉంటుందని డాక్టరుగారు తర్వాత చెప్పారు. నొప్పి ఉండదు, గుర్తు ఉండదు, ఊపిరి తీసే కండరాలు మెల్లగా పడిపోతాయి. ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు ఉంది, పెట్టారు. కానీ ఆ మందు పనిచేసేదాకా మనిషికి ఊపిరి అందించాలి. ఉన్న ఒక్క వెంటిలేటరు మీద పురుగుమందు తాగిన కుర్రవాడు ఉన్నాడు. అతన్ని తీసేసి ఈమెను పెట్టమని ఎవరు చెబుతారు? 108 బండిలో పట్నానికి బయలుదేరాం. ఆంబు బ్యాగు నొక్కుతూ కూర్చున్నాం, ఒకరి చేతులు నొప్పి పుడితే ఇంకొకరం. పట్నం చేరకముందే ఆమె ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది.

సమాధి కార్యక్రమంలో మేమే వాక్యం చెప్పాం. ప్రభువు చిత్తం అన్నాం. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తోంది. ప్రభువు చిత్తమో, మూడో మంచం లేకపోవడమో మనం ఎప్పుడైనా అడిగామా?

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58,000. ఎక్కువ మంది పల్లెటూళ్ళవాళ్ళు, ఎక్కువగా వానాకాలంలో. అధికంగా చనిపోయిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఇక మనం చెప్పుకునే సాకుల సంగతి.

"మందిరానికిస్తే దేవునికిచ్చినట్టు, ఆసుపత్రికిస్తే డాక్టర్లకిచ్చినట్టు" అని సమావేశం అయ్యాక ఒక సహోదరుడు మాతో అన్నారు. మంచి మనిషి, దశమభాగం ఏనాడూ తప్పనివారు. ఆయనకు మార్కు సువార్త 7వ అధ్యాయం చదవమని చెప్పాం. అమ్మానాన్నల్ని పోషించాల్సిన డబ్బుకు కొర్బాను అని పేరుపెట్టి, ఇది దేవునిది, మీకివ్వలేను అన్నవాళ్ళను ప్రభువు ఏమన్నాడో అక్కడ ఉంది. దేవుని పేరు చెప్పి ముసలితల్లి నోటిదగ్గర కూడు లాక్కోవడాన్ని ఆయన భక్తి అనలేదు. మన ఆర్చి కొర్బాను కాదా? ఆ సహోదరుడు ఇంకా జవాబు చెప్పలేదు. మాకూ తొందర లేదు.

ఇంకొకరు యోవాషు రాజు పెట్టె సంగతి ఎత్తారు, 2 రాజులు 12వ అధ్యాయం. మందిరం బాగుచేయడానికే కదా అక్కడ కానుకలు పట్టారు అని. నిజమే. కానీ అధ్యాయం సగంలో ఆపకండి. 13వ వచనం దగ్గరకు వస్తే, ఆ డబ్బుతో వెండి పాత్రలు గానీ బంగారు సామాను గానీ చేయించలేదని ఉంటుంది. వడ్రంగికి, తాపీపనివాడికి, రాళ్ళకు, మ్రానులకు పోయింది. అంటే కూలిపోయేదాన్ని నిలబెట్టడానికి. మన మందిరం గోడలు గట్టిగా ఉన్నాయి సహోదరులారా. పైకప్పు కారడం లేదు. కారుతున్నది ఆసుపత్రిది.

ప్రార్థన చాలదా అనేవారికి ఒక్క మాట చెప్పి వదిలేస్తాం: హిజ్కియా కోసం ప్రార్థన జరిగింది, అంజూరపు పండ్ల ముద్ద కూడా పుండు మీద వేశారు. రెండూ యెషయా ఉన్నచోటే.

"ఆరోగ్యశ్రీ ఉందిగా" అంటున్నారు. ఉంది, దేవునికి స్తోత్రం, మన సంఘంలో దానివల్ల బ్రతికినవారున్నారు. కానీ అది చేసిన చికిత్సకు ప్యాకేజీ ప్రకారం డబ్బు కడుతుంది. చికిత్స చేయడానికి మంచం ముందు ఉండాలి, మంచం పక్కన మనిషి ఉండాలి. 1989లో సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో, ప్రాణాపాయంతో వచ్చినవారిని పోలీసు కాగితాల కోసం ఆపకుండా వైద్యం చేయాల్సిందేనని చెప్పింది. గొప్ప తీర్పు. తీర్పు మంచాన్ని తయారుచేయదు కదా.

"విదేశీ బోర్డులు పంపుతాయిలే" అనే రోజులు పోయాయి. ఒకప్పుడు పంపారు, మనం తిన్నాం. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లరమ్మ 1898లో ఆసుపత్రి తెరవగలిగిందంటే, సముద్రం అవతల లూథరన్ స్త్రీలు కూడబెట్టి పంపిన కానుకలు ఉన్నాయి. వాళ్ళు మన ఊళ్ళ పేర్లు పలకలేరు. మనల్ని ఏనాడూ చూడలేదు. ఇప్పుడు మనం చూసిన, మనతో బల్ల దగ్గర మోకరించిన మనిషికి మంచం వేయడానికి చూద్దాం అంటున్నాం. (విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. పౌరసత్వం మారినవారిది వస్తుంది; వారు పంపేముందు ఆసుపత్రి ఆఫీసులో అడగండి.)

వేలూరు ఐడా స్కడ్డరమ్మ కథ మనకు కొత్త కాదు. ఒక్క రాత్రి ముగ్గురు మగవాళ్ళు తలుపు తట్టారు, కాన్పుకు సాయం చేసే స్త్రీ డాక్టరు లేక ముగ్గురు భార్యలూ చనిపోయారు. స్త్రీల ఆదివారాన ఈ కథ చెబితే కొంగులతో కళ్ళు తుడుచుకుంటాం. మేమే ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. కళ్ళు తుడుచుకున్న చెయ్యి సంచిలోకి వెళ్ళిందా?

పేరు వేయడం పాపమా అని అడుగుతారు. కాదు. 1902లో వేలూరులో ఆమె తెరిచిన నలభై పడకల ఆసుపత్రికి దాత చనిపోయిన తన భార్య పేరే పెట్టించాడు. ఆ డబ్బు వల్ల ప్రాణాలు నిలిచాయి. మా బాధ వేరు. పేరు వేయడానికి వీలున్నవాటికే మన చెయ్యి జేబులోకి వెళుతోంది. ఫ్యానుకు రెక్కమీద పేరు వేయొచ్చు. రాత్రి రెండు గంటలకు మేల్కొని ఉన్న నర్సు మీద ఎక్కడ వేస్తాం?

అసలు మాట ఇది. మంచం అంటే ఇనుము, పరుపు కాదు. వారానికి 168 గంటలు. ఒక నర్సు వారానికి 48 గంటలు పనిచేస్తే, ఆ చోట ఎప్పుడూ ఒక్కరు ఉండాలంటేనే మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు కలిపితే నలుగురికి తక్కువ కుదరదు. పెద్ద ఆక్సిజన్ సిలిండరులో 7,000 లీటర్లు. నిమిషానికి పది లీటర్లు పెడితే పన్నెండు గంటలు కూడా రాదు. 2021 మే నెలలో ఒక్కో సిలిండరు కోసం ఎక్కడెక్కడ తిరిగామో అప్పుడే మరచిపోయామా? కరెంటు పోతే జనరేటరుకు డీజిలు. కట్టడం ఒక్కసారి కడతాం, ఆ తర్వాత ప్రతి రాత్రీ ఖర్చే. ఆ ఖర్చుకు శంకుస్థాపన ఉండదు, రిబ్బను ఉండదు, ఫోటో ఉండదు.

లూకా 10వ అధ్యాయంలో సమరయుడు ఏం చేశాడో వరుసగా చూడండి. గాయాలు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించాడు. పూటకూళ్ళవాని యింటికి తెచ్చి ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. మనం నూనె, ద్రాక్షారసం గురించి ప్రసంగాలు చేస్తాం. ఈ చివరి మాట దాటేస్తాం. అది ముందుగా కట్టిన డబ్బు, పైగా ఎంతయినా ఇస్తానన్న మాట. దేనారము ఒక రోజు కూలి అని మత్తయి 20లో ఉంది. అంటే రెండు రోజుల కూలి. ఆ దారిలో ఆయన సత్రం కట్టించలేదు, ఉన్న సత్రంలో ఒక మనిషి బ్రతికేదాకా అయ్యే ఖర్చు మోశాడు. ఆయన పేరు కూడా మనకు తెలియదు. ఇప్పుడు మన దేశంలో రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవారిని కేసుల నుంచి కాపాడడానికి 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని సెక్షను పెడితే, దానికి పెట్టుకున్న పేరు గుడ్ సమరిటన్. పార్లమెంటుకు గుర్తున్నాడు.

కొందరు దైవజనులు చేసినట్టు, వంద వేస్తే వెయ్యి వస్తుందని మేము చెప్పము. ఆసుపత్రికి ఇచ్చినవారికి జబ్బు రాదని చెప్పము. అలా పట్టిన డబ్బు మాకొద్దు. ఇస్తే మీ డబ్బు పోతుంది, అంతే. ఎవరో ఒకరు ఊపిరి పీలుస్తారు, వాళ్ళు మన సంఘంవాళ్ళు కాకపోవచ్చు, క్రైస్తవులే కాకపోవచ్చు. యెరికో దారిలో పడి ఉన్నవాడి కులం, మతం ప్రభువు చెప్పలేదు.

వచ్చే ఆదివారం నుంచి మందిరం గుమ్మం పక్కన మూతకు కన్నం ఉన్న చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. ఇంటికి ఏడాదికి రెండు రోజుల కూలి. కూలి పనివారికి వారి కూలి, ఉద్యోగులకు వారి జీతం లెక్కన. కవరు మీద పేరు రాయవద్దు. ఆరాధన అయ్యాక మన కోశాధికారిగారు, ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంటమ్మ ఇద్దరూ కలిసి అందరి ముందు లెక్కిస్తారు. వచ్చింది ఎంత, దేనికి పోయింది అన్నది సోమవారం నోటీసు బోర్డు మీద ఉంటుంది. మొదట రాత్రి నర్సుల జీతం, ఆ తర్వాతే ఇటుక. మా రెండు రోజులు మొదటి వారమే వేస్తాం.

ఆర్చి తీర్మానం మీద మళ్ళీ సర్వసభ్య సమావేశం పెట్టమని సంఘ కమిటీకి మేము ఉత్తరం ఇచ్చాం. ఈసారి ఆసుపత్రి ఉత్తరం మొదటి అంశం. ఆ సహోదరి భర్తను కూడా వచ్చి కూర్చోమని అడిగాం. వస్తానన్నాడు.