బోనస్ సన్నాలకేనా?

తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు. మంచిదే, మేం కాదనం. కానీ గింజ పొడవు 6 మిల్లీమీటర్లో, వెడల్పు 2 మిల్లీమీటర్లో దాటితే బోనస్ లేదు. యాసంగిలో సన్నాలు వేస్తే ఎండలకు గింజ పగిలి నూకవుతుంది. అందుకే మనం దొడ్డు రకాలు వేస్తున్నాం. ఇది మిల్లర్లకూ తెలుసు, అధికారులకూ తెలుసు! మరి యాసంగి రైతు చేసిన తప్పేమిటి?

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. గుర్తింపు కార్డులివ్వాలని 2011లోనే చట్టం చేశారు. కార్డు లేక పట్టాదారు పేరు మీద వడ్లు అమ్ముకుంటే బోనస్ ఆయన ఖాతాలోనే పడుతుంది. ఆ తర్వాత అది ఇప్పించుకోవడానికి కౌలుదారు ఆయన ఇంటి చుట్టూ తిరగాలి. దొడ్డు వడ్లకూ బోనస్ ఇవ్వాలి, దున్నినవాడి ఖాతాలోనే వేయాలి, అదీ మద్దతు ధర డబ్బులతో పాటే. ఈ యాసంగి కొనుగోళ్లు మొదలుకాకముందే ప్రతి మండలంలో తహసీల్దారుకు ఈ మాట రాసిద్దాం.