పేదల బడి ఎవరి సొత్తయింది?

మెరిట్ మీద నేను రాస్తున్న ఈ వరుసలో ఈసారి లండన్ దాకా వెళ్దాం. వెస్ట్‌మినిస్టర్ స్కూల్ సంగతి మాట్లాడుకుందాం.

ఆ బడి మఠంలో పుట్టింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో బెనెడిక్టైన్ సన్యాసులు ఉండేవారు. పేద విద్యార్థులకు చర్చి ఉచితంగా చదువు చెప్పాలని 1179లో పోప్ మూడో అలెగ్జాండర్ పిలిచిన లాటరన్ మహాసభ ఆదేశించింది. 14వ శతాబ్దానికి ఈ మఠం దానధర్మాల సొమ్ముతో పిల్లల బడి నడుస్తోంది. 1540లో ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాడు. బడి మాత్రం బతికింది. 1560లో మొదటి ఎలిజబెత్ రాణి దాన్ని మళ్లీ నిలబెట్టి, 40 మంది స్కాలర్లకు చోటిచ్చింది.

మరి ఈ రోజు? అక్కడ హాస్టల్లో ఉండి చదవాలంటే ఏడాదికి 40 వేల పౌండ్ల పైమాటే!

మధ్యలో ఏం జరిగింది? స్కాలర్ల పక్కన డబ్బు కట్టి చదివే పిల్లలు చేరారు. క్రమంగా వాళ్లదే బడి అయింది. 1868లో పార్లమెంటు పబ్లిక్ స్కూల్స్ చట్టం చేసి, ఇలాంటి ఏడు బడుల పెత్తనాన్ని కొత్త పాలకమండళ్లకు అప్పజెప్పింది. పేరేమో 'పబ్లిక్'. కూలివాడి బిడ్డ ఆ పబ్లిక్‌లోకి రాడు.

లండన్ బడితో మనకేం పని అంటారా? వారన్ హేస్టింగ్స్ చదివింది అక్కడే. కలకత్తా సుప్రీంకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే కూడా అక్కడివాడే. హిందువుల వారసత్వం, పెళ్లి, కులం తగాదాలకు శాస్త్రమే చట్టమని 1772లో హేస్టింగ్స్ తేల్చాడు. 11 మంది బ్రాహ్మణ పండితులను కూర్చోబెట్టి ధర్మశాస్త్రాలను కూర్పించాడు. 1776లో అది ఇంగ్లీషు పుస్తకమై లండన్‌లో అచ్చయింది. మన బతుకుల మీద తీర్పు చెప్పే ఆ పుస్తకం రాసేటప్పుడు మనల్ని అడిగినవాడెవడు?

విద్యార్థి మిత్రులారా, మన సాంఘిక సంక్షేమ గురుకులాలను చూసి "పన్నుల డబ్బు దండగ" అనేవాళ్లు మీకు రోజూ ఎదురవుతారు. వాళ్లకు ఈ చరిత్ర చెప్పండి. దానం సొమ్ముతో, రాజ్యం అండతో శతాబ్దాలు చదువుకుంటే దాని పేరు వారసత్వం. అదే అండతో మన పిల్లలు ఒక్క తరం చదివితే దాని పేరు దండగా? 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిబా ఫూలే నిలదీసింది కూడా ఇదే: రైతు కట్టే పన్నుతో చదువు పైకులాలకేనా?

బడి పేదల పేరున మొదలైతే చాలదు. దాని సీట్లు, సొమ్ము, పెత్తనం ఎవరి చేతుల్లో ఉన్నాయో ప్రతి ఏడాదీ లెక్క అడగాలి. మన గురుకులాల విషయంలో ఆ లెక్క మనమే అడుగుదాం.

జై భీమ్.