చాకునకు చొక్కాలు తొడుగువారు

బంగినపల్లి మామిడిపండును కోయలేక చిదిమివైచిన చాకు నొకదానిని ఈ శుక్రవారము దోహాలో, నజ్మా వీథులలోని ఒక మిత్రుని గదిలో చూచితిని. దాని పిడి టైటానియముతో చేసినది. పిడిని బిగించిన మరలు నెమలికంఠపు వన్నె గలవి. జేబునకు తగిలించుకొను క్లిప్పు మీద యజమాని పేరు తెలుగక్షరములలో లేసరుతో చెక్కబడియున్నది. బొటనవ్రేలు సోకినంతనే అలుగు టక్కున బయటికి వచ్చి నిలుచును. ఇన్ని హంగులు గల ఆ చాకు పండు తొక్క మీద ఒకమారు జారి, రెండవమారు బలముగ నొక్కినను తెగక, తొక్కను లోనికి నెట్టి, రసమును యజమాని మోచేతి దాక ప్రవహింపజేసినది. జగిత్యాల ప్రాంతము నుండి వచ్చి ఇచట సైటు ఇంజనీరుగా నున్న ఆ యువకుడు సిగ్గుపడెనా యనిన, అదియు లేదు. “గిది వాడేటందుకు కాదు సార్, మంచిగ ఉంచుకునేటందుకు. కోసుడు పెడితె ఖరాబైతది” అని, గుడ్డతో అలుగును తుడిచి, మెత్తని సంచిలో పరుండబెట్టి, వంటింటిలోని ప్లాస్టిక్ పిడి కత్తిని తెచ్చినాడు. పండు దానితో తెగినది.

కోయుటకు పనికిరాని చాకును “మంచిగ” ఉంచుకొనుటలోని పరమార్థ మేమో నాకు నేటికిని బోధపడలేదు. నిత్యము వెంట నుండవలసిన వస్తువులకు యువకులిప్పుడు ఈడీసీ అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. చిన్న టార్చి, కలము, మడత చాకు ఆ గణములోనివి. ఇందు దోషమేమియు లేదు. మన కరణముల గంటమునకును కమ్మలు చివ్వు కత్తి తోడుగ నుండెడిది. తమిళ దేశమున ఒక కొసను గంటము, వేరొక కొసను చాకు కలిసి ఒకే పిడిలోనికి మడుచుకొను సాధనమునకు మడక్కెళుత్తాణి యని పేరు. జేబులో చాకు నుంచుకొనుట పురాతనమైన మర్యాదయే. నా ఆక్షేపణ యెల్ల చాకును కొన్న మరునాటినుండియే దానికి చొక్కాలు మార్చువారి మీద. ఈ మాసము కార్బన్ ఫైబరు పిడి, వచ్చు మాసము ఎముక పిడి, ఆపైన కీలులో క్రొత్త బేరింగులు, క్రొత్త మరలు, క్రొత్త క్లిప్పు. ఇన్ని మార్చినవారిలో సానరాయి కొన్నవానిని వెదకిచూడుడు, దొరకడు.

చాకును తనకు అనువుగ దిద్దుకొనుటను నేను నిరసించువాడను కాను. ఖతారులో అది విలాసము గాక అవసరము కూడను. వాయవ్యమునుండి షమాల్ గాలి వీచిన దినములలో, తలుపులన్నియు మూసియున్న ఇంట కూడ, మైదాపిండి వంటి ధూళి చాకు కీలులోనికి చేరును. మరునాడు అలుగును తెరచినపుడు వినవచ్చు గరగర ధ్వనిని ఎరిగినవారు ఎరుగుదురు. అపుడు మరను విప్పి, పలకలను వేరుచేసి, ఇసుకను తుడిచి, నూనెను ఒక్క బొట్టుకు మించకుండ వేసి (మించినచో ధూళి నంతటిని పిలిచి కూర్చుండబెట్టుకొనును), తిరిగి బిగించునపుడు అలుగు ప్రక్కకు కదలనంత గట్టిగను, ఒంటిచేత తెరువవచ్చునంత వదులుగను మరను నిలుపుట యున్నదే, అది వ్రేళ్లకు మాత్రమే తెలియు విద్య. అరచుట్టు ఎక్కువైన అలుగు కదలనని మొరాయించును. అరచుట్టు తక్కువైన పిడిలో ఊగిసలాడును.

నా చాకు పేదది. ఫ్రాన్సులోని సవోయ్ కొండలలో పనిముట్లు చేయు కమ్మరి యింట పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన జాతిది. ఎనిమిదవ నంబరుది, అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. బీచికర్ర పిడి, అలుగు, చీల, కదలని ఉంగర మొకటి, 1955లో చేర్చిన తిరుగుడు ఉంగర మొకటి, ఇంతే దాని సంసారము. ఆగస్టులో సముద్రపు తేమ దోహాను ఆవిరిగిన్నె చేసినపుడు ఆ కర్ర ఉబ్బి అలుగును పట్టివేయును. గోటితో లాగిన రాదు. సవోయ్ రైతులు అట్టివేళ పిడి మడమను బల్ల మీద చిన్నగ తట్టుదురట. అలుగు కొస తనంతట తలయెత్తును. నేను దాని పిడి గాడిని లోపల సన్నని ఉప్పుకాగితముతో రుద్ది, అవిసెనూనె పట్టించి ఆరబెట్టితిని. నిమ్మకాయలు, మామిడికాయలు కోసి కోసి దాని అలుగు నీలముతో కూడిన నల్లదనమునకు తిరిగినది. నెమలికంఠపు మరలకంటె నాకు ఈ వన్నె ప్రియము, ఏలయనగా ఇది అంగడిలో దొరకదు.

ఇక పదును మాట. చాకు కొనుటకు ధనము చాలును, పదునుకు కూర్చుండుట కావలెను. 1000 నంబరు రాతిని నీట నాననిచ్చి, అలుగును దానిమీద 20 డిగ్రీల వాలున ఉంచి, పిడి మొదలునుండి కొస దాక ఒకే ఒత్తిడితో నూరుచుండగా, కొంతసేపటికి రెండవవైపు అంచున కంటికి కనబడని రేకొకటి లేచి బొటనవ్రేలికి గరుకుగ తగులును. ఆ రేకు మొదలునుండి కొస దాక లేచిన దనుక ప్రక్క మార్చరాదు. మార్చిన పిదప ఒత్తిడి తగ్గించుకొనుచు వచ్చి, చివరకు తోలుపట్టీ మీద మన మంగలులు చేసినట్లు వెనుకకు లాగుచు ఆ రేకును తెంపవలెను. వార్తాపత్రిక అంచును గాలిలో పట్టుకొని అలుగు నానించినచో శబ్దము లేక దిగవలెను. అరగంట పని. స్విట్జర్లాండు విక్టోరినాక్సు వారి ఉక్కు కాఠిన్యము రాక్‌వెల్ మానమున 55, 56 మధ్యనే. మెత్తనిదని ఈ కుర్రవారు పెదవి విరుతురు. 60 దాటిన పొడిలోహపు ఉక్కులు కావలెనట. కఠినమైన ఉక్కు తొందరగ మొద్దువారదు, నిజమే. మొద్దువారిన పిదప దానిని నూరుటకు ఓపిక లేనివానికి ఆ కాఠిన్యముతో పనియేమి?

ఆ విక్టోరినాక్సుకు మూలపురుషుడైన కార్ల్ ఎల్సెనర్ 1884లో కార్ఖానా తెరచి, 1897లో సైనికాధికారుల చాకునకు హక్కు పొందినాడు. 2001 సెప్టెంబరున అమెరికాలో జరిగిన విమానదాడుల పిదప విమానములలోనికి చాకులను రానీయకపోవుటచే వారి చాకుల అమ్మకము దాదాపు 30 శాతము పడిపోయినది. 2024లో ఆ సంస్థ, దేశదేశముల ఆంక్షలను చూపి, అలుగే లేని జేబుసాధనమును తయారుచేయ సంకల్పించినట్లు ప్రకటించినది. లోకము తానే పోయి మన నజ్మా యువకుని మార్గమున పడినదని నాకు తోచినది. (చట్టమును గౌరవింపుడు. విమానమెక్కునపుడు చాకును లోపలికి పంపు పెట్టెలో వేయుడు. ఏ దేశమున ఏ చాకు నిషిద్ధమో ముందుగా కనుగొనుడు. నా చాకు ఇంట నుండును, శీతకాలమున సీలైను ఇసుకతిన్నెలకు పోవునపుడు వంటసామగ్రితో వచ్చును.)

ఈ ఖతారు దేశమైనను ఒకనాడు చిన్న అలుగు మీద బ్రదికినదే. ముత్యముల నావలలో, ముందునాడు ఈతగాండ్రు తెచ్చిన చిప్పల గుట్ట చుట్టును తెల్లవారుజామున అందరు కూర్చుండి, నావకు పెద్దయైన నాఖుదా కన్నార్పక చూచుచుండగా, మిఫ్లఖా యను వంకర చాకుతో ఒక్కొక్క చిప్పనే తెరచెడివారు. జపాను పెంపుడు ముత్యములును, 1929 తరువాతి ఆర్థికమాంద్యమును కలిసి ఆ వృత్తిని ముంచినవి. ఆ చాకునకు ఎవడును పేరు చెక్కించుకొనలేదు.

మామిడిపండు సంగతి అయిన పిదప అదే యువకుడు వేరొక సంచి విప్పి, “గిది డమాస్కస్, సార్” అని నీటి అలల గీతలు గల చాకు నొకదానిని చూపినాడు. దోహాలోని కతారా సాంస్కృతికగ్రామమున 2017నుండి సెప్టెంబరున జరుగు సుహైల్ వేట, డేగల ప్రదర్శన సమయమున కొన్నదట. సుహైల్ అనగా మన అగస్త్య నక్షత్రమే. అది పొడసూపిన ఎండ తగ్గునని ఇచటివారి నమ్మకము. ఆ చాకు పాకిస్తానులోని వజీరాబాదునందు రెండు రకముల ఉక్కును పొరలు పొరలుగ అతికి, ఆమ్లములో ముంచి గీతలు తేల్చినది. పని చక్కనిదే, కాదనను. కాని జగిత్యాలవాడు నాకు డమాస్కస్ ఉక్కును క్రొత్తగ పరిచయము చేయుట చూచి నా ఓర్పు తెగినది. జగిత్యాలకు పొరుగుననే, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. అచటి కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో మూసి, రాత్రింబవళ్లు కొలిమి నూది కరగించిన ఉక్కుముద్దలకై పర్షియానుండి వర్తకులు వచ్చి కూర్చుండెడివారు. భూకొలత శాఖలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయ్సీ ఆ గ్రామమునకు పోయి, ఇస్పహాను వర్తకు నొకనిని అచట కన్నులార చూచి వ్రాసినాడు. ఆ వ్రాత 1832లో అచ్చయినది. గోలకొండ ఉక్కు మచిలీపట్టణపు రేవున ఓడ యెక్కి ఈ పారశీక సముద్రముననే పయనించినది. ఆ ఉక్కులోని అలలు అతుకులవి కావు, ముద్ద చల్లారునపుడు లోపలనే పుట్టినవి. ఫారడే వంటివాడు కుర్రతనమున దాని మర్మమును ఛేదింపబోయి సంవత్సరములు గడపినాడు. రెండు, మూడు తరములుగ నిజామాబాదు, కరీంనగరము, జగిత్యాలలనుండి గల్ఫునకు మనుష్యులు పోవుచున్నారని అందరును వ్రాయుదురు; అంతకు పూర్వము అచటినుండి ఇటు పోయినది ఉక్కు అని వ్రాయువారు అరుదు. ఆ యువకుడు ఓపికగనే విని, “మా ఊరి పక్కన్నేనా సార్?” అని రెండుమారులు అడిగినాడు. పాఠ్యపుస్తకములను వ్రాయువారిని పిలిచి అడుగవలసిన ప్రశ్న అది.

మన చరిత్ర మన పిల్లలకు తెలియకుండుటకు పాఠ్యపుస్తకములనే ననుట కూడ అన్యాయమగును. విదేశములలోని మన సంఘములు ఏమి చేయుచున్నవి? ఉగాదికి సభ, సభకు శాలువా, శాలువా వెంట ప్లాస్టిక్ పలక యొకటి, దానిపైన బంగారు రంగున మన పేరు, సాధారణముగ తప్పు గుణింతముతో. నా యింట అట్టి పలకలు ఒక అరనిండ కలవు. వానితో ఉల్లిపాయ తెగదు, మేకు దిగదు, తలుపునకు అడ్డము పెట్టినను గాలికి పడిపోవును. ఆ ధనముతోనే కోనసముద్రపు ఉక్కు కథను నాలుగు పుటల కరపత్రముగ అచ్చువేసి కార్మికుల శిబిరములలో పంచినచో ఎంత బాగుండును! అది వారికి బరువనిపించిన, సన్మానితునకు మంచి చాకు నైన ఇయ్యవచ్చును గదా. కత్తి కానుకగ నిచ్చిన స్నేహము తెగునను శంక కొందరికి కలదు. దానికి విరుగుడుగ పుచ్చుకొన్నవాడు చిల్లర నాణెము చెల్లించి కొన్నట్లు చేయు ఆచారము ఐరోపాలో నున్నది. ఈ యేడు నన్ను వేదిక మీదికి పిలువదలచిన కార్యదర్శులు గమనింపగోరెదను: శాలువా వలదు, పలక వలదు, సానరాయి యొకటి చాలును. చాకే ఇచ్చునంతటి ఔదార్యము వారికి కలిగినచో, ఏబది దిర్హముల నాణెము నా జేబున సిద్ధముగ నుండును.

— దోహావాసి