రంగు మారితే ఇజ్జత్ పోతుందా?

ఈసారి పోస్టు కొంచెం గుస్సాగా ఉంటుంది. మాఫ్ చేయండి. చేయకపోయినా చివరిదాకా చదవండి.

పోయిన నెల మా చోటీ వలీమా అయింది. మడకశిరలోనే. బిర్యానీ బాగా కుదిరింది, దాల్చా కుదిరింది, డబుల్ కా మీఠా రెండోసారి అడిగి మరీ తిన్నారు. అంతా అయ్యాక చేతులు కడుక్కుంటూ ఒక ఖాలా ఇంకో ఖాలాతో అంది: "దుల్హన్ వేసుకున్నది పెద్దదాని పాత జోడానే గదా? రంగేసి తెచ్చినారంట. అంత గరీబీ వచ్చిందా ఈళ్లకి?"

ఆ మాట మా అమ్మీ చెవిన పడింది. రాత్రి గిన్నెలు తోముతూ ఏడ్చింది. కూతురు వెళ్లిపోయిందని ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు. లెహంగా కోసం ఏడుస్తోంది.

అందుకే ఈ పోస్టు. అవును ఖాలా, అది పాత జోడానే. అవును, రంగేశాం. నేనే వేశాను, మా పెరట్లో, నా చేతుల్తో. ఇంకా నా గోళ్ల సందుల్లో ఆ నీలం పోలేదు. షరమ్ పడటానికి ఇందులో ఏముందో నాకు చెప్పండి.

ముందు హిసాబ్ మాట్లాడుకుందాం. ఏడేళ్ల కింద మా ఆపా నికాహ్‌కి ఆ లెహంగా బెంగుళూరులో కొన్నాం. ముప్పై ఎనిమిది వేలు. "డిజైనర్ పీస్, ఇట్లాంటిది ఇంకోటి దొరకదు" అన్నాడు అంగడాయన. ఆ ఏడు శెనక్కాయ పంట చేతికి రాలేదు. ఆ డబ్బు కర్జ్ తెచ్చినది. తీరడానికి రెండేళ్లు పట్టింది. ఆపా దాన్ని వేసుకున్నది ఎంతసేపు? నాలుగు గంటలు. తర్వాత ఏడేళ్లు అది బీరువాలో నాఫ్తలీన్ ఉండల మధ్య ఖబర్‌లో పడుకున్నట్టు పడుకుంది. ఏ ఫంక్షన్‌కి తీద్దామన్నా ఒకటే మాట: "ఆ గులాబీ రంగు అందరూ చూసేసినారు గదా!"

బట్ట చినగలేదు. జరీ నల్లబడలేదు. అందరూ చూసేశారు, అంతే దాని తప్పు. చూసిన కళ్లకి మనం ముప్పై ఎనిమిది వేలు జుర్మానా కట్టాలా?

ఈ షరమ్ మనకి కొత్తగా అంటుకున్న రోగం. మన నానీలు, దాదీల కాలంలో రంజాన్ చివర్లో పాత దుపట్టాలన్నీ ఒక చోట చేరేవి. వెలిసినవి రంగుకి వెళ్లేవి. ఈద్‌కి కొత్తగా మెరిసేవి. ఆ పనికి ఒక కౌమే ఉంది, రంగ్రేజ్ అని. మన రాష్ట్రం వెనుకబడిన తరగతుల జాబితాలో ఆ పేరు ఇప్పటికీ కనబడుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో ఈరోజుకీ చీటీ అంత గుడ్డముక్క చూపిస్తే ఆ రంగే దుపట్టాకి ఎక్కించి ఇచ్చే ఉస్తాద్‌లు ఉన్నారు. ఏ చిన్న ఊళ్లోనైనా మ్యాచింగ్ సెంటర్ వాడు ఫాల్‌కీ దుపట్టాకీ రంగు వేయించి ఇస్తాడు. అప్పుడు ఎవరూ "గరీబీ" అనరు. దుపట్టాకి రంగేస్తే షౌఖ్, లెహంగాకి రంగేస్తే గరీబీ. ఇదెక్కడి ఇన్సాఫ్?

మన పక్క కడప, కర్నూలు నేలల్లో ఒకప్పుడు నీలిమందు పండించి దేశాలు దాటించారు. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మలేరియా మందు చేయబోయి పొరపాటున ఊదారంగు చేశాడు. అక్కడినుంచి ఫ్యాక్టరీ రంగుల జమానా మొదలైంది. 1897లో జర్మనీ బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని బజారుకి తెచ్చింది. మన నీలిమందు తొట్లు ఎండిపోయాయి. అంటే రంగు అనేది ఆకాశం నుంచి దిగింది కాదు. ఎవరో ఒకరు తొట్టిలో ముంచి తీసిందే. వాళ్లు ముంచితే డిజైన్, మనం ముంచితే తమాషానా?

"అది డిజైనర్ మెహనత్, దాన్ని పాడు చేయడానికి మనమెవరం?" అని అడిగే షరీఫ్‌లు కూడా ఉన్నారు. వాళ్లకి ఒక ఖబర్. బర్బెరీ అనే పెద్ద బ్రిటిష్ బ్రాండ్ 2017-18 లెక్కల సంవత్సరంలో 2 కోట్ల 86 లక్షల పౌండ్ల అమ్ముడుపోని సరుకుని నాశనం చేసింది. చౌకగా అమ్మితే బ్రాండ్ విలువ పోతుందని! ఈ సంగతి బయటపడి లోకం తిట్టాక 2018 సెప్టెంబర్‌లో ఆ పద్ధతి మానేస్తున్నామని ప్రకటించింది. తయారు చేసినవాళ్లే తమ బట్టకి ఇచ్చిన ఇజ్జత్ అది. మేము మాత్రం బట్టని బతికించాం.

కారీగర్‌కి ఇజ్జత్ ఇవ్వాలంటే అతని పని మనుషుల ఒంటిమీద కనబడాలి, బీరువాలో కాదు. మా లెహంగా మీద మగ్గం వర్క్ చేసిన ఆ చేతులు ఎవరివో నాకు తెలియదు. కానీ ఏడేళ్ల తర్వాత వలీమాలో నలుగురు వంగి చూసింది ఆ పనినే.

అయితే అన్నిటికీ రంగేయొచ్చా? వేయకూడదు. ఇక్కడ నేను ఖాలాల వైపే. రంగే పనితనం అయినచోట చెయ్యి పెట్టొద్దు. మన ధర్మవరం పట్టుచీర చూడండి. దాంట్లో నూలుకి ముందే రంగేసి తర్వాత నేస్తారు. ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు, ఆ రెండింటి జోడీలోనే నేతగాడి బుర్ర ఉంది. దాన్ని తొట్టిలో ముంచితే రెండూ కలిసి బురద అవుతుంది. కలంకారీ అంతే. చేత్తో గీసి, కరక్కాయతో, పటికతో, ఎన్నో ఉతుకుల్లో తెచ్చిన రంగు అది. దానిమీద ఇంకో రంగు పోయడం గుణా. కానీ ఫ్యాక్టరీలో ఒకే థాను నుంచి "ఈ ఏడు గులాబీ నడుస్తుంది" అని వదిలిన రంగుకి ఆ మర్యాద అక్కర్లేదు. అది కళ కాదు, ఫ్యాషన్ క్యాలెండర్.

కానూన్ సంగతి కూడా అడిగారు. మన డబ్బుతో కొన్న బట్టకి మన ఇంట్లో రంగేసుకుని కట్టుకుంటే ఆపేవాడు లేడు. అమ్మేటప్పుడే జాగ్రత్త. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం, సరుకు స్థితి మార్చి మళ్లీ బజారులో అమ్మితే బ్రాండ్ యజమాని అభ్యంతరం చెప్పొచ్చు. కాబట్టి రంగేసిన జోడాని "కంపెనీ ఒరిజినల్ రంగు" అని ఎవరికైనా అంటగడితే అది ధోఖా. ఇచ్చేటప్పుడు చెప్పి ఇవ్వండి. అంతే.

ఇప్పుడు ఎలా వేయాలో చెప్తాను. నేను చేసిన గల్తీలతో సహా.

మొదటి పని రంగు కొనడం కాదు, బట్ట ఏదో తెలుసుకోవడం. లోపలి కుట్టు దగ్గర నాలుగు పోగులు తీసి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే పత్తి, లేదా రేయాన్. వెంట్రుక కాలిన కంపు వస్తే పట్టు, లేదా ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే పాలిస్టర్. అంగడాయన "ఆర్ట్ సిల్క్" అంటే పట్టు అనుకోకండి. అది నకిలీ పట్టుకి పెట్టిన ముద్దుపేరు. మా ముప్పై ఎనిమిది వేల లెహంగా ఒంటిబట్ట రేయాన్ జార్జెట్ అని తేలింది. దుపట్టా, లోపలి గట్టి నెట్టూ పాలిస్టర్. అంగడాయన ఒక్క మాట కూడా అనలేదు. అగ్గిపుల్ల చెప్పింది.

పాలిస్టర్ అయితే ఇంట్లో ఆశ వదిలేయండి. దాని రంగు వేరు, దానికి దాదాపు 130 డిగ్రీల వేడి, ప్రెషర్ ఉన్న మిషన్ కావాలి. పట్టుకి యాసిడ్ రంగు, కొంచెం వెనిగర్. నీళ్లు పొగలు రావాలి కానీ తెర్లకూడదు. పత్తికీ రేయాన్‌కీ రియాక్టివ్ రంగు. కిరాణా అంగట్లో దొరికే చిన్న పొట్లాలు ఎక్కువగా వేరే రకం. ఉతికిన ప్రతిసారీ వదులుతాయి, పక్క బట్టల్ని కూడా పాడు చేస్తాయి.

రెండోది, రంగు కలుస్తుందే తప్ప పోదు. గులాబీ మీద నీలం పోస్తే వంకాయ రంగు వస్తుంది, నీలం రాదు. పసుపు మీద నీలం అయితే ఆకుపచ్చ. ముదురుని లేతగా మార్చాలంటే పాత రంగు తీసేయాలి, దానికి వేరే మందులు, వేరే ఖతరాలు. పట్టుని బ్లీచింగ్‌లో అస్సలు ముంచొద్దు. రంగుతో పాటు పట్టు కూడా పోతుంది.

మూడోది తూకం. పొడి బట్టని తూచండి. మాది రెండున్నర కేజీలు. ముదురు రంగుకి బట్ట బరువులో వందకి మూడు వంతుల రంగు, అంటే 75 గ్రాములు. నీళ్లు 50 లీటర్లు. రెండున్నర కేజీల ఉప్పు, ఒక కేజీ సోడా. ముందు రంగు, ఉప్పు, అర్ధగంట తిప్పడం. తర్వాత బట్ట పక్కకి తీసి, సోడా కరిగించి పోసి, మళ్లీ ముంచి గంటకి పైగా తిప్పాలి. ఆపితే మచ్చలు పడతాయి. గోరువెచ్చని నీళ్లు చాలు కాబట్టి అంటించిన రాళ్లు చాలావరకు నిలిచాయి. పదో పన్నెండో ఊడాయి. స్టీలు పాత్ర, లేదా ప్లాస్టిక్ టబ్బు వాడండి, అల్యూమినియం వద్దు. ఆ పాత్రలో మళ్లీ వంట చేయొద్దు. చేతికి గ్లౌజులు, పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ. రంగు కొనేటప్పుడు పేరూ ఊరూ ఉన్న డబ్బా కొనండి. కేన్సర్ భయంతో మన దేశం 1993లో, 1997లో కలిపి 112 రంగుల్ని నిషేధించింది. విడి పొడి పొట్లంలో ఏముందో అల్లాకే తెలియాలి.

ఇక నా గల్తీ. లోపలి మడతలో ముందు చిన్న ముక్క ముంచి చూడాలి. నేను చూడలేదు. ఒంటిబట్ట అందంగా వంకాయ రంగు అయింది. లోపలి కాటన్ లైనింగ్ ఇంకా ముదురయింది. కానీ కుట్టుదారం పాలిస్టర్, అది గులాబీగానే ఉండిపోయింది! దుపట్టా ససేమిరా మారలేదు. దర్జీ దగ్గర కూర్చుని పైకుట్లు విప్పించి మళ్లీ వేయించాను. దుపట్టా కొత్తది కొన్నాం. అన్నీ కలిపి మూడు వేలు దాటలేదు.

నిజంగా నన్ను ఆపగలిగే సవాల్ ఒకటుంది. అది ఖాలాలు వేయలేదు, మా అబ్బా వేశారు: "నీళ్లు?"

మాది కరువు సీమ. జిల్లా పేరు 2022లో శ్రీ సత్యసాయి అయింది, మా నోట్లో ఇంకా అనంతపురమే. పేరు మారినా బోరు మారలేదు. పైగా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, సబ్బే నురగ రాదు. రంగు దాంట్లో సరిగా కలవదు, చారలు పడుతుంది. నేను వాన పడ్డప్పుడు సంపులో నిండిన నీళ్లు వాడాను. జాడించడంతో కలిపి దగ్గర దగ్గర 300 లీటర్లు అయ్యాయి. తక్కువ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క కాటన్ టీషర్టు తయారీకి 2,700 లీటర్ల నీళ్లు పడతాయని ప్రపంచమంతా చెప్పుకునే అంచనా. కొత్త లెహంగా కొంటే ఆ నీళ్లు మన కుళాయిలోంచి పోవు కాబట్టి మనకి కనబడవు. ఎక్కడో పత్తి చేలో పోతాయి, ఎక్కడో నదిలో రంగై పారతాయి. తిరుప్పూరులో నొయ్యల్ నది ఆ రంగుల పాలైతే 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లని మూసేయమంది. మన దిఖావా బిల్లు ఇంకెవరో కడుతున్నారు.

అందుకే ఒక షరతు. వానాకాలం వేయండి, ఎండాకాలం వద్దు. ఒక్క జోడా కోసం తొట్టి పెట్టొద్దు. ఇద్దరు ముగ్గురి బట్టలు కలిపి వేయండి, మిగిలిన రంగులో పాత కాటన్ దుపట్టాలు ముంచండి. ఆ నీళ్లు చెట్లకి, గొడ్ల తొట్టి పక్కన, బోరు గుంత దగ్గర పోయొద్దు.

"రంగుబట్టలు దీన్‌లో మంచివి కాదు" అని ఒక భాయి మెసేజ్ పెట్టారు. భాయిజాన్, హదీసుల్లో అభ్యంతరం వచ్చింది కుసుమపువ్వు రంగు బట్టలు మగవాళ్లు కట్టడం గురించి. ఆడపిల్ల లెహంగా గురించి కాదు. ఇస్రాఫ్ గురించి మాత్రం మనందరికీ చెప్పారు. నాలుగు గంటల జోడాకి రెండేళ్ల కర్జ్ చేసినప్పుడు మీ మెసేజ్ రాలేదే?

అమ్మీకి ఇదంతా చదివి వినిపించాను. "ఇంత రాయాల్నా, ఆమెకి బిర్యానీ తక్కువైనట్టుంది" అంది. నవ్వింది కానీ కళ్లు నా గోళ్ల మీదే ఉన్నాయి.

నిన్న పొద్దున మా వీధిలోనే ఒకామె వచ్చింది. కూతురి మంగ్నీ ఉందట, ఆ వంకాయ రంగు లెహంగా ఒక్కరోజుకి ఇస్తారా అని తలవంచుకుని అడిగింది. ఇస్తున్నాం. రంగేసిందని ముందే చెప్పాం, దీనిమీద ఇక నలుపు తప్ప ఏదీ ఎక్కదని కూడా చెప్పాం. "ఈ రంగే కావాల" అంది ఆమె.