వేడిపాల జ్ఞాపకం

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ వినని తెలుగువారు అరుదు. ఎలుకల బాధ తీరడానికి రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునూ ఇప్పించారట. రామకృష్ణుడు మొదటిరోజే పొగలు కక్కే పాలు తెచ్చి పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన ఆ పిల్లి, తరువాత చల్లటి పాలగిన్నె కనబడినా పరుగు లంకించుకొనేది. చిన్నప్పుడు ఈ కథ విని కవిగారి గడుసుదనానికి నవ్వుకొన్నవాళ్ళమే అందరమూ. పిల్లి పక్షాన నిలబడి ఆలోచించినవారు తక్కువ. నేనూ ఆలోచించలేదు, నా చేతులమీదుగా మా ఇంటి పిల్లికి మూతి కాలేవరకు. నేను కాల్చింది పాలతో కాదు, తొందరపాటుతో.

మాది విశాఖపట్నంలో మూడవ అంతస్తులోని రెండు పడకగదుల ఇల్లు. అప్పటికి ఇంట్లో రెండు పిల్లులున్నాయి. తాయారుకు తొమ్మిదేళ్ళు, బుజ్జిగాడికి ఐదు. ఒక కార్తీకమాసపు వానలో, సెల్లారులో స్కూటరు క్రింద ముడుచుకొని వణుకుతున్న ఏడెనిమిది నెలల ఆడపిల్లి కనబడింది. తువాలులో చుట్టి పైకి తెచ్చాను. చినుకు అని పేరు పెట్టాము. పశువైద్యునికి చూపించి, టీకా వేయించి, రెండు రోజులు స్నానాలగదిలో ఉంచి, మూడవనాడు హాలు మధ్యలో దింపాను. "వాటిలో అవే సర్దుకొంటాయి" అన్నది నా ధీమా.

అంతా అరనిమిషంలో జరిగిపోయింది. తాయారు ఒళ్ళంతా రెట్టింపు చేసుకొని బుసకొట్టింది. చినుకు సోఫా క్రిందికి దూరింది. ఈ గందరగోళంలో బుజ్జిగాడు ఎవరిమీద పడాలో తెలియక, నాలుగేళ్ళుగా ఒకే దిండుమీద పడుకొంటున్న తాయారు మీదే పడ్డాడు. విడదీయబోయిన నా మణికట్టులో కోర దిగింది. ఆవేశం పుట్టించిన ప్రాణి అందకపోతే దగ్గరున్న దానిమీద ఆ కోపం తీర్చుకోవడం పిల్లులలో సామాన్యమని తరువాత తెలిసింది. మనుష్యులలోనూ ఉన్నదే కనుక ఆశ్చర్యపడలేదు.

తాయారు బీరువా పైకెక్కి కూర్చొంది. రెండు రోజులు దిగలేదు, తినలేదు. పిల్లి కొన్ని రోజులపాటు తిండి మానివేస్తే దాని కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి రావచ్చునని వైద్యుడు చెప్పినప్పుడు నాకు చెమటలు పట్టాయి. మా అమ్మ ఒక్కమాటే అన్నది. "అది మనింటికి రాలేదురా, వాళ్ళింటికి వచ్చింది. వాళ్ళనడిగావా?"

ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఏర్పరచుకొన్న అభిప్రాయమే ఈ నాలుగు మాటలు. "అవే సర్దుకొంటాయి" అనే మాటను మన ఇళ్ళలోనుంచి తీసివేయాలన్నది నా వాదం.

మన పెద్దలకు ఆ మాట అబద్ధం కాదు. పెంకుటింట్లో పిల్లికి పది దారులుండేవి. పెరడు, చూరు, ప్రక్కవారి గడ్డివాము, వంటింటి కిటికీ. పిల్లలను ఏడిళ్ళు త్రిప్పుతుందని సామెతే ఉన్నది కదా. కొత్త పిల్లి వస్తే పాతది ఒక పూట దూరంగా పోయేది, మళ్ళీ వచ్చేది. అక్కడ సర్దుబాటు జరిగిందంటే, తప్పించుకొనే దారి ఉండబట్టి జరిగింది. మూడవ అంతస్తులో, తలుపులు బిగించి, కిటికీలకు జాలీలు కొట్టించి, "సర్దుకోండి" అనడం వేరు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్నదీ ఆ పెద్దలే. మొదటి మాట గుర్తుంచుకొని రెండవ మాట మరచిపోయాము.

పిల్లి స్వభావం కూడా తెలిసి ఉండాలి. కుక్క పూర్వులు గుంపుగా వేటాడిన తోడేళ్ళు. పిల్లి పూర్వులు ఒంటరిగా వేటాడిన అడవిపిల్లులు. నేటి పెంపుడు పిల్లులన్నిటి మూలమూ పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లులేనని 2007లో ప్రచురితమైన జన్యుపరిశోధన తేల్చింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి మనిషి సమాధి ప్రక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో ప్రకటించారు. అంటే మనతో దాని చెలిమి పాతదే. కాని తోటి పిల్లితో చెలిమి దానికి పుట్టుకతో వచ్చిన అవసరం కాదు. వీధిపిల్లులు గుంపుగా బ్రతికే చోట కూడా ఆ గుంపు నడుమ ఉండేది ఎక్కువగా తల్లీకూతుళ్ళూ, అక్కాచెల్లెళ్ళూ. దారినపోయే పిల్లిని ఆ గుంపు ఎదురేగి పిలుచుకోదు.

పైగా పిల్లికి ఇల్లంటే గోడలు కాదు, వాసన. బుగ్గలలో, నుదుట, అరికాళ్ళలో ఉన్న గ్రంథుల ద్వారా అది తలుపుచెక్కలకూ, కుర్చీకాళ్ళకూ, మన పిక్కలకూ తన వాసన పూస్తూ ఉంటుంది. మనం ముద్దు అనుకొనే ఆ రాపిడి నిజానికి దాని దస్తావేజుమీద సంతకం. ఆ సంతకాల మధ్యకు ముక్కూ మొగమూ తెలియని వాసనను హఠాత్తుగా దింపితే, పట్టా భూమిలో రాత్రికి రాత్రి పరాయి పాక లేచినట్లే. తగవు రాకపోతేనే వింత.

కాబట్టి పరిచయం ముక్కుతో మొదలు కావాలి, కంటితో కాదు. రెండవసారి నేను చేసిన పని అదే. చినుకును తలుపు వేసిన గదిలోకి మార్చాను. తిండి, నీళ్ళు, ఇసుక ట్రే, దాగడానికి ఒక అట్టపెట్టె, అన్నీ అందులోనే. ఈ ఏకాంతవాసం ఆరోగ్యానికీ అవసరమే. వీధినుంచి వచ్చిన పిల్లి పైకి బాగున్నా పాన్‌ల్యూకోపీనియా వంటి ప్రాణాంతక వ్యాధిని మోసుకొని రావచ్చు. రెండు వారాలైనా వేరుగా ఉంచి, రక్తపరీక్షలు చేయించి, ఇంటి పిల్లుల టీకాలు సరిచూసుకోవడం కనీస ధర్మం. మూడవనాడే తలుపు తీసిన నేను ఆ ప్రమాదం కూడా తెచ్చిపెట్టానని తరువాత గాని తట్టలేదు.

వైద్యుడు ఇక భయం లేదన్న తరువాత ఒక మెత్తటి గుడ్డతో చినుకు బుగ్గలు తుడిచి, ఆ గుడ్డను హాలులో ఒక మూల ఉంచాను. తాయారు గుడ్డతో కూడా అట్లాగే. మొదటిరోజు తాయారు గుడ్డను చూసి బుసకొట్టింది. నాలుగవరోజు వాసన చూసి, నోరు కొద్దిగా తెరచి, అంగిలిలోని ఘ్రాణాంగంతో చదువుకొంది. ఏడవరోజు పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడమే పిల్లి భాషలో అంగీకారం. అప్పుడు మూసిన తలుపుకు అటూ ఇటూ తిండి గిన్నెలు పెట్టాను. మొదట దూరంగా, రోజుకు ఒక జానెడు దగ్గరగా. ఆ వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతుందన్న జ్ఞాపకం ఏర్పడాలి. వేడిపాల జ్ఞాపకానికి ఇది విరుగుడు.

తరువాత తలుపుకు బదులు దోమల జాలీ బిగించాను. చూపులు కలిశాయి. రోజుకు ఐదు నిమిషాలు, ఉడికించిన చేపముక్కల సమక్షంలో. తాడుకు కట్టిన ఈకతో ఇద్దరినీ చెరొకవైపు ఆడించాము. చెవులు వెనక్కు వాలినా, రెప్ప వేయకుండా చూపు నిలిచినా ఆ పూటకు కచేరీ ముగింపు. ఒక అడుగు వెనక్కు. ఇంట్లో ఇసుక ట్రేలు నాలుగు చేశాము, పిల్లులెన్నో అంతకు ఒకటి ఎక్కువ ఉండాలన్న లెక్క. గోడకు రెండు బల్లలు కొట్టించాము, ఎవరికి వారు ఎత్తున కూర్చోవడానికి. జాలీ తీసింది తొమ్మిదవ వారంలో.

ఒక పిల్లికి ఇంత రభసా అని నవ్విన బంధువులున్నారు. వారికి నేను చెప్పేది ఒక్కటే. తొమ్మిది వారాల ఓపిక చాలా ఎక్కువ అనిపిస్తే, పదిహేనేళ్ళు బ్రతికే ప్రాణిని ఇంటికి తేవడం అంతకంటె ఎక్కువ. తొందర పిల్లులది కాదు, మనది. ఇద్దరూ కలిసి పడుకొన్న ఛాయాచిత్రం మనకు కావాలి. ఉన్న పిల్లికి "తోడు" తెస్తున్నామని చెప్పుకొంటాము గాని, ఆ తోడు కావలసింది దానికా, మనకా? ముసలి పిల్లి, జబ్బుపిల్లి ఉన్న ఇంటికి, లేదా గది విడిగా ఇవ్వలేని ఇంటికి, రెండవదానిని తేకపోవడమే దయ కావచ్చు. వీధిలో పిల్లికి రోజూ తిండి పెట్టి, టీకా, కుటుంబనియంత్రణ ఆపరేషను చేయించడమూ సాయమే.

ఇన్ని చేసినా స్నేహం కుదురుతుందన్న హామీ లేదు. పిల్లులకు స్నేహం బోనసు, శాంతి జీతం. ఈ రోజు చినుకూ, బుజ్జిగాడూ ఒకే బుట్టలో పడుకొంటారు. తాయారు సోఫాకు ఈ చివర, చినుకు ఆ చివర. నడవలో ఎదురైతే తాయారు ఒక క్షణం ఆగి, చినుకు గోడవారగా జరిగిన తరువాత నడుస్తుంది. అది చాలు.

చాలనిది ఒకటి మిగిలింది. ఆ వానకాలానికి ముందు బుజ్జిగాడు రోజూ సాయంత్రం తాయారు చెవులు నాకి శుభ్రం చేసేవాడు. ఆ అరనిమిషం తరువాత రెండేళ్ళు గడిచాయి. వాడు ఇప్పటికీ దగ్గరకు వెళ్తాడు. ఆమె లేచి బీరువా ఎక్కుతుంది. కొత్తదానితో సంధి కుదిర్చాను గాని, పాత చెలిమిని తిరిగి తేలేకపోయాను. మీ ఇంట్లో ఎవరైనా తువాలులో చుట్టిన పిల్లితో గుమ్మంలోకి వస్తే, ముందు ఒక గది తలుపు చూపించండి.